తిరుపతి గ్రంథాలయంలో రచయితలకు మెంటరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

మా గ్రంథాలయంలో శనివారం సాయంత్రాలు కథలు, కవితలు రాసేవాళ్లతో ఒక్కొక్కరితో విడిగా కూర్చుని, వాళ్లు రాసింది చదివి మాట్లాడుతుంటాం. టేబుల్ దగ్గర రాసిన మనిషి, చదివే మనిషి (మెంటర్ అంటే ఈయనే, ఈమే), ఇద్దరే ఉంటారు. ఈ పని చూసుకునే వలంటీర్లలో నేనొకణ్ణి. కౌంటర్ దగ్గర, ఫోన్లో, ఒక్కోసారి బస్టాండులో ఎదురుపడినప్పుడు కూడా అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. అందుకని అడిగినవాళ్ల మాటల్లోనే ప్రశ్నలు పెట్టి జవాబులు రాశాను. అన్నీ వరసగా చదవక్కర్లేదు. మీకు కావలసిన దగ్గరే చదువుకోవచ్చు.

## రావాలా వద్దా అనుకుంటున్నప్పుడు

నావి ఇంతవరకు ఎక్కడా అచ్చు కాలేదు. నేను రావచ్చా?

రావచ్చు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లే. మేం చూసేది ఒక్కటే, కాగితం మీద మీరు రాసింది ఏదైనా ఉండాలి. "మంచి కథ ఉంది సార్, చెప్తాను వినండి" అని వచ్చేవాళ్లు ఉంటారు. సంతోషంగా వింటాం, కానీ నోటితో చెప్పిన కథ మీద పని చేయలేం. చెప్పేటప్పుడు మీ గొంతు, మీ చేతులు, మీ కళ్లు సగం కథ మోస్తాయి. కాగితం మీద అవేవీ ఉండవు. అవి లేకుండా ఎంత మిగిలిందో చూడాలి. ఒక్క పేజీ అయినా సరే, రాసుకుని రండి.

ఫీజు ఎంత?

ఏమీ లేదు. మెంటర్లు కూడా డబ్బు తీసుకోరు. ఊరికే వస్తోందని మొహమాటపడే వాళ్లకు ఒక మాట. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం కింద, ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఈ పుస్తకాలు, ఈ కుర్చీలు మన డబ్బుతో వచ్చినవే. ఇక్కడ ఓ గంట కూర్చోవడం మీ హక్కు.

వాట్సాప్‌లో పంపితే చదివి చెప్పేయొచ్చు కదా, అక్కడిదాకా రావడం ఎందుకు?

వాట్సాప్‌లో మీకు వచ్చేది ఒక దండం బొమ్మ, లేదా "చాలా బాగుందండీ". అది మర్యాద. దానివల్ల రెండో కథ మెరుగవదు. ఎదురుగా కూర్చుని మీరే పైకి చదివినప్పుడు ఎక్కడ ఊపిరి అందడం లేదో, ఏ వాక్యం దగ్గర మీకే సిగ్గేసి గొంతు తగ్గిందో ఇద్దరికీ తెలుస్తుంది. చర్చ అక్కడే మొదలవుతుంది. పైగా "ఇలాంటి ఎత్తుగడ ఇంకెవరైనా ఎలా చేశారో చూద్దాం" అనుకుంటే లేచి పదడుగులు వేస్తే అల్మరా ఉంది.

నడవలేనివాళ్లు, చంటిబిడ్డల తల్లులు, మంచం మీదున్న పెద్దవాళ్లను చూసుకునేవాళ్లు మాత్రం ఫోన్లో మాట్లాడొచ్చు. అదే గంట, అదే శ్రద్ధ.

నేను గృహిణిని. ఒక్కదాన్నే వచ్చి తెలియని మగవాళ్ల ముందు కూర్చోవాలంటే ఇబ్బందిగా ఉంది.

ఈ ప్రశ్న చాలామంది అడుగుతారు, అడగకుండా ఆగిపోయేవాళ్లు ఇంకా ఎక్కువ. కూర్చునేది మూసిన గదిలో కాదు, చదివే హాల్లోనే, నలుగురూ కనబడే టేబుల్ దగ్గర. మహిళా మెంటర్ కావాలని పేరు ఇచ్చేటప్పుడే చెప్పండి, కారణం చెప్పక్కర్లేదు. అక్కనో స్నేహితురాలినో వెంట తెచ్చుకోవచ్చు. మీ ఫోన్ నంబరు మెంటర్‌కు ఇవ్వం, కబుర్లన్నీ కౌంటర్ ద్వారానే. సాయంత్రం వీలుకాకపోతే మధ్యాహ్నం పనులు తీరిన వేళలోనే సర్దుతాం. కలం పేరుతో రావాలనుకుంటే రిజిస్టర్‌లో కూడా ఆ పేరే రాస్తాం.

పిల్లల పాత నోట్‌బుక్కుల వెనక పేజీల్లో పదేళ్లు రాసుకుని, ఎవరికీ చూపించకుండా దాచిన కథలు ఈ టేబుల్ మీదికి వచ్చాయి. మీవీ ఉంటే తీసుకురండి.

మా పాప తొమ్మిదో తరగతి. కవితలు రాస్తుంది. తీసుకురావచ్చా?

తప్పకుండా. 18 ఏళ్లలోపు పిల్లలతో అమ్మో నాన్నో హాల్లో ఉండాలి. ఒక్క కోరిక: మెంటర్ పాపను అడిగిన ప్రశ్నకు పాపనే జవాబు చెప్పనివ్వండి.

నేను ఇంగ్లీష్ మీడియంలో చదివాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. నవ్వుతారేమో అని టెన్షన్.

ఎవరూ నవ్వరు. అక్షరదోషాలు దిద్దుకోవడం నేర్చుకోగలిగిన పని, దానికి వారాలు చాలు. మనుషుల్ని గమనించే కన్ను రావడానికి ఏళ్లు పడుతుంది. ఆ కన్ను మీకుంటే మిగతాది సర్దుకుంటుంది. మీరు ఎక్కువగా తప్పే పదిహేను ఇరవై మాటల్ని మెంటర్ గుర్తుపెట్టి ఒక చీటీ మీద రాసిస్తారు. సాధారణంగా అవే మాటలు మళ్లీ మళ్లీ తప్పుతుంటాం కాబట్టి ఆ చీటీ బాగా పనికొస్తుంది.

మా ఇంట్లో తమిళం మాట్లాడతాం. నేను తెలుగులో కథ రాయొచ్చా?

రాయండి. సత్యవేడు, నగరి, పుత్తూరు, చిత్తూరు, కుప్పం వైపు ఎన్నో ఇళ్లలో వంటింట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్లకు రెండు భాషలూ లోపలినుంచి తెలుస్తాయి, ఆ బలం మాలాంటివాళ్లకు లేదు. అవ్వ తమిళంలో తిట్టిందంటే ఆ తిట్టును తెలుగు లిపిలో అలాగే ఉంచండి. ఎదుటి మనిషి జవాబును బట్టి పాఠకుడికి అర్థమైపోవాలి. పేజీ కింద అర్థాలు ఇవ్వాల్సి వచ్చిందంటే ఆ సన్నివేశం ఇంకా సరిగ్గా కుదరలేదని గుర్తు.

ఏయే రచనలకు మెంటర్లు ఉన్నారు?

కథ, నవల, వచన కవిత, పద్యం, నాటిక, పిల్లల కథలు, జ్ఞాపకాలు. సినిమా స్క్రిప్టులు చూడగలిగినవాళ్లు ప్రస్తుతం లేరు. పరిశోధన వ్యాసాలు, పోటీ పరీక్షల వ్యాసాలు తీసుకోం.

మేం చిత్తూరు నుంచి రావాలి. ఎప్పుడు వస్తే మంచిది?

దాదాపు 70 కిలోమీటర్లు వచ్చేవాళ్లను చివరి గంటలో కూర్చోబెట్టం, తిరుగు బస్సు దొరకాలి కదా. దూరం నుంచి వస్తున్నామని ముందే చెబితే మొదటి గంట మీకే. బ్రహ్మోత్సవాల రోజుల్లో, వైకుంఠ ఏకాదశి ముందూ వెనకా బస్సులన్నీ యాత్రికులతో నిండిపోతాయి, అప్పుడు మేం కూర్చోం. గంగమ్మ జాతర వారం కూడా సెలవే. మా మెంటర్లలో ఇద్దరు వేషాలు చూడకుండా ఉండలేరు, నాకూ అంతే.

## మొదటిసారి వచ్చే ముందు

ఎన్ని పేజీలు తీసుకురావాలి?

కథ అయితే ఒక్కటి, 2000 మాటలు మించకుండా. కవితలు మూడు. నవల రాస్తున్నవాళ్లు మొదటి అధ్యాయం, మిగతా కథ ఒక పేజీలో. కొందరు మూడొందల పేజీల కట్ట తెచ్చి టేబుల్ మీద పెడతారు. ఆ కష్టాన్ని గౌరవిస్తాం. కానీ గంటలో మూడొందల పేజీలు చదివామంటే అది తిరగెయ్యడమే, చదవడం కాదు. మొదటి పది పేజీల్లో ఉన్న అలవాట్లే చివరిదాకా ఉంటాయి.

చేత్తో రాసింది సరిపోతుందా, టైప్ చేయించాలా?

చేత్తో రాసింది చాలు. కాగితానికి ఒకవైపే, వరసకూ వరసకూ మధ్య ఒక గీత వదిలి, పక్కన రెండు వేళ్ల మార్జిన్ ఉంచి రాయండి. జిరాక్స్ ఒకటి తీయించండి, ఇద్దరి చేతుల్లోనూ కాపీ ఉండాలి.

టైప్ చేసేవాళ్లు యూనికోడ్‌లోనే, అంటే ఏ ఫోన్లో, ఏ కంప్యూటర్‌లో తెరిచినా తెలుగుగానే కనిపించే అక్షరాల్లో చేయండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో చేయిస్తే చూడ్డానికి అందంగానే ఉంటుంది. అదే ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి, మెయిల్లో పంపినా అంతే. ఫోన్లో మాట్లాడుతుంటే టైప్ అయ్యే సౌకర్యం పెద్దవాళ్లకు బాగా పనికొస్తోంది. అయితే అది చుక్కలు, పేరాలు సరిగా పెట్టదు, మన ఊరి మాటల్ని తనకు తెలిసిన మాటల్లోకి మార్చేస్తుంది. ఇంట్లో ఒకసారి సరిచూసుకుని తెండి.

నా కథ ఎవరైనా ఎత్తేస్తే?

1957 కాపీరైట్ చట్టం ప్రకారం మీరు రాసిన క్షణం నుంచే ఆ రచన మీద హక్కు మీది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. రచయిత బతికున్నంతకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఆ హక్కు ఉంటుంది. అయితే చట్టం కాపాడేది మీ వాక్యాల్ని, మీరు అల్లిన తీరుని. "అన్నదమ్ములు బావి కోసం కొట్టుకున్నారు" లాంటి ఆలోచన ఎవరి సొంతమూ కాదు.

మా వైపు నుంచి: మీ కాగితాలు మెంటర్ ఇంటికి తీసుకెళ్లరు, ఫోన్లో ఫొటో తీయరు. మీరు కూడా ఫైలును మీ మెయిల్‌కే ఒకసారి పంపి ఉంచుకోండి, తేదీతో సహా ఉంటుంది.

## టేబుల్ దగ్గర

ఆ గంటలో అసలు ఏం జరుగుతుంది?

మొదట మీరు ఒక పేజీ పైకి చదువుతారు. మెంటర్ వింటారు, ఏమీ రాసుకోరు. తర్వాత మొత్తం మౌనంగా చదువుతారు. ఆ పది పదిహేను నిమిషాలు మీకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి. ఏదైనా పుస్తకం తీసుకుని చూస్తూ ఉండండి. చదివేవాళ్ల మొహం చూస్తూ కూర్చోవద్దు.

ఆ తర్వాత ప్రశ్నలు. తీర్పులు కాదు, ప్రశ్నలే. ఊహకు ఒకటి చెబుతాను. బెల్లం గానుగ దగ్గర జరిగే కథ ఒకటి తెచ్చారనుకుందాం. మొదటి పేజీన్నర తెల్లవారుజాము, మంచు, కోడికూత, చెరుకు వాసన. రెండో పేజీ చివర కొప్పెరలో పాకం ముదిరిపోతుంటే అన్న పరుగెత్తుకొచ్చి తమ్ముడి చేతిలోని తెడ్డు లాక్కుంటాడు. తర్వాత మూడు పేజీలు వాళ్ల ఆస్తి గొడవ. మెంటర్ అడిగే మొదటి ప్రశ్న ఇలా ఉంటుంది: "పాకం ముదిరితే బెల్లం నల్లబడి రేటు పడిపోతుందని ఆ పిల్లోడికి తెలుసు గదా, మరి ఏం చూస్తా మరిచిపోయినాడు?" రాసిన మనిషి ఆగిపోతాడు. అతనికి తెలుసు, కానీ రాయలేదు. రోడ్డు మీద తమ్ముడి క్లాస్‌మేట్ కాలేజీ బస్సు ఎక్కుతూ ఉంది. తమ్ముడి చదువు ఆగిపోయింది ఆ ఏడాదే. ఇప్పుడు కథ ఎక్కడ మొదలవ్వాలో ఇద్దరికీ కనిపిస్తుంది. మంచు, కోడికూత వాటంతటవే పక్కకు జరుగుతాయి.

చివరి పది నిమిషాల్లో వచ్చేసారికి చేయాల్సింది ఒకటి, మహా అయితే రెండు, మీరే మీ మాటల్లో రాసుకుంటారు. ఇరవై సవరణలు చెప్పి పంపితే ఒక్కటీ జరగదు.

బాగాలేదని మొహం మీద చెప్తారా?

బాగాలేని చోటు చూపిస్తారు, ఎందుకు కుదరలేదో చెప్తారు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక సాహిత్య సభలో కథ చదివాను. అందరి ముందూ ఒక పెద్దమనిషి లేచి "ఇది కథే కాదు" అని కూర్చున్నారు. ఎందుకు కాదో చెప్పలేదు. నాలుగేళ్లు పెన్ను ముట్టుకోలేదు. ఆయన మాట నిజమే కావచ్చు, కానీ కారణం చెప్పని నిజంతో నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. మెంటరింగ్ ఒకరితో ఒకరుగానే పెట్టాలని పట్టుబట్టింది అందుకే. మా మెంటర్లకు ఉన్న పెద్ద నియమం కూడా ఇదే: కారణం చూపించలేని మాట అనకూడదు, అది పొగడ్త అయినా సరే.

మన చిత్తూరు యాసలో రాస్తే పత్రికల వాళ్లు తీసుకుంటారా? పుస్తక భాషలోనే రాయాలా?

యాసలో రాయడం తప్పేమో అన్న భయం మీలో ఉంటే ముందు దాన్ని తీసి పక్కన పెట్టండి. "రొంత", "బిన్నా", "కయ్య", "ఉండాది" అనే మాటలు వినపడగానే ఒక నేల, ఒక ఎండ, ఒక వంటిల్లు కళ్ల ముందుకొస్తాయి. వాటిని తీసేసి "కొంచెం", "త్వరగా", "పొలం" పెడితే కథ ఏ ఊరిదో తెలియకుండా పోతుంది.

కానీ యాసకు కూడా క్రమశిక్షణ కావాలి. మూడు చోట్ల ఎక్కువమంది జారుతుంటారు. ఒకటి, కథ చెప్పే గొంతు ఎవరిదో తేల్చుకోరు. పల్లె పిల్లోడే కథ చెప్తుంటే మొదటి మాట నుంచి చివరిదాకా వాడి భాషే ఉండాలి. బయటి గొంతు చెప్తుంటే సంభాషణల్లో యాస ఉంచి కథనం మామూలు భాషలో నడపొచ్చు. రెండూ ఒకే పేరాలో కలిస్తే చదివేవాళ్లకు రాయి తగిలినట్టుంటుంది. రెండోది రాత. ఒక పేజీలో "పోతా ఉండాడు", ఇంకో పేజీలో "పోతావుండాడు", మరోచోట "పోతాండాడు" అని రాస్తే అచ్చుతప్పులా కనిపిస్తుంది. ఒకటి ఎంచుకుని చివరిదాకా ఉంచండి. అసలు ఆ మూడూ ఒకే ఊరివేనా అని కూడా చూసుకోండి. మదనపల్లె మాట వేరు, సత్యవేడు మాట వేరు.

మూడోది నాకు బాధ కలిగించే విషయం. కొన్ని కథల్లో కూలిమనిషి మాత్రమే యాస మాట్లాడతాడు. అదే ఊళ్లో పుట్టిన డాక్టరు, కరణం, కథానాయకుడు పేపర్ భాష మాట్లాడతారు. అంటే యాస పేదరికానికి గుర్తు అయిపోయింది. మన ఊళ్లో డాక్టరు గారు కూడా వాళ్లమ్మతో "యాడికి పోయినావుమా" అనే అంటాడు. అలాగే రాయండి.

పత్రికల సంగతి: యాస ఉందని తిప్పి పంపే రోజులు కావివి. కుదరని యాసను తిప్పి పంపుతారు.

పద్యం రాస్తున్నాను. ఛందస్సు చూసి చెప్పేవాళ్లున్నారా?

ఉన్నారు. గణాలు లెక్కపెట్టడం మాత్రం ఇంటి దగ్గరే చేసుకుని రండి. ఆటవెలది అయితే 1, 3 పాదాల్లో మూడు సూర్య గణాలు, రెండు ఇంద్ర గణాలు. 2, 4 పాదాల్లో ఐదూ సూర్య గణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరానికి. ఇవి సరిపోయాక అసలు పని మొదలవుతుంది: గణం నింపడానికి తెచ్చిపెట్టిన మాట ఏది, మీరు నిజంగా అనాలనుకున్న మాట ఏది. మా మెంటర్ వేలు పెట్టేది సరిగ్గా అక్కడే.

మా ఇంటి గొడవే నా కథ. రాస్తే బంధువులు ఊరుకోరు. ఏం చేయాలి?

మొదటి ప్రతి దేనికీ భయపడకుండా రాసేయండి. ఎవరికి చూపించాలి, ఏది అచ్చు వేయాలి అనేది తర్వాతి నిర్ణయం. రెండూ కలిపేసి చూసుకుంటే మొదటి వాక్యమే కదలదు.

అచ్చుకు ఇచ్చే ముందు మాత్రం నిదానంగా ఆలోచించాలి. పేరు మార్చితే చాలనుకుంటారు. పల్లెలో పేరు మార్చినా కుంటికాలు, చింతచెట్టు కింద ఇల్లు, దుబాయ్ పోయిన కొడుకు అలాగే ఉంటే ఊరంతటికీ తెలిసిపోతుంది. మనిషిని కథకు కావలసిన మేరకు తీసుకుని, మిగతా ఆనవాళ్లు నిజంగా మార్చేయండి. జవాబు చెప్పుకోలేనివాళ్ల విషయంలో, ముఖ్యంగా పిల్లలు, జబ్బుమనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త. వాళ్ల రహస్యం మన కథ కంటే పెద్దది.

ఇంకొకటి చూసుకోండి. కథలో "నేను" తప్ప అందరూ తప్పు చేసినవాళ్లే అయితే అది పోలీస్ స్టేషన్లో ఇచ్చే కంప్లయింట్ లాగా ఉంటుంది. ఆ గొడవలో మీరు అనకూడని మాట అన్న రోజు ఒకటి ఉంటుంది. దాన్ని కూడా రాయగలిగితే చదివేవాళ్లు మీ అత్తను కూడా అర్థం చేసుకుంటారు.

టేబుల్ దగ్గర చెప్పిన ఇంటి విషయాలు బయటకు పోవు.

చాట్‌జీపీటీతో రాయించి తెస్తే?

వద్దు. "ఈ మాటే ఎందుకు పెట్టారు" అన్నదే మెంటర్ అడిగే ప్రశ్న. పెట్టింది మీరు కానప్పుడు జవాబు మీ దగ్గర ఉండదు, ఇద్దరి గంటా పోతుంది. అక్షరదోషాలు చూసుకోవడానికి, టైపింగ్‌కు ఏ సాయం తీసుకున్నా అభ్యంతరం లేదు.

మెంటర్ నా కథను తన కథలా మార్చేస్తే?

మెంటర్ మీ కాగితం మీద పెన్సిల్‌తో గుర్తు పెడతారు కానీ వాక్యం రాయరు. ఎవరైనా రాసిస్తే మాకు చెప్పండి. సలహా నచ్చకపోతే వదిలేయండి, అలా వదిలేసినందుకు ఎవరూ చిన్నబుచ్చుకోరు. అయితే ఇద్దరు ముగ్గురు ఒకే చోట ఆగారంటే అక్కడ ఏదో ఉందని గుర్తించండి. వాళ్లు చెప్పిన మందు తప్పు కావచ్చు, నొప్పి ఉన్న చోటు మాత్రం అదే.

## ఇంటికెళ్లి తిరగరాసేటప్పుడు

ఎన్నిసార్లు తిరగరాయాలి?

లెక్క లేదు. తిరగరాయడమంటే మాటలు మార్చడం అనుకుంటే రెండుసార్లకే విసుగొస్తుంది. నేను చెప్పే పద్ధతి: పాత ప్రతి చూడకుండా మళ్లీ మొదటినుంచి రాయండి. గుర్తున్నదే కథ. గుర్తురానిది చాలావరకు అక్కర్లేనిది. తర్వాత రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి, పాతదాంట్లో నిజంగా వదులుకోలేని వాక్యాలు మాత్రం తెచ్చుకోండి.

నెలయింది, ఒక్క ముక్క రాయలేదు. మొహం చూపించడానికి సిగ్గుగా ఉంది.

రండి. మామిడికాయల సీజన్, పిల్ల పెళ్లి, ఆసుపత్రి తిరుగుడు, అందరికీ ఇవే కారణాలు. అలాంటి రోజు పాత పేజీనే మళ్లీ చదువుకుందాం. నెల తర్వాత చూస్తే రాసిన మనిషికే కొత్తగా కనిపిస్తుంది.

చదవమంటారు. ఏం చదవాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాయాలనుకున్న రకం ముందు చదవండి. పుస్తకాల్ని విషయాన్ని బట్టి అంకెలు వేసి సర్దే డ్యూయీ వర్గీకరణ వాడే గ్రంథాలయాల్లో తెలుగు సాహిత్యం 894.827 దగ్గర ఉంటుంది. ఆ అల్మరా ముందు ఒక పూట నిలబడి, ఏ పుస్తకమైనా తీసి మొదటి పేరా మాత్రం చదువుతూ పొండి. ఏది కింద పెట్టబుద్ధి కాలేదో అది ఇంటికి తీసుకెళ్లండి.

మన ప్రాంతం కథ కావాలంటే కొరత లేదు. మధురాంతకం రాజారాం గారికి 1993లో, ఆయన కుమారుడు నరేంద్ర గారికి 2022లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. పల్లెబడిలో పంతులు పని చేస్తూ మన చుట్టూ ఉన్న మనుషుల్నే తండ్రి కథలుగా రాశారు. పాత పత్రికల్లోని కథల కోసం శ్రీకాకుళంలో 1997లో మొదలైన కథానిలయం ఉంది. అక్కడి కథలు ఎన్నో ఇంటర్నెట్‌లోనే చదువుకోవచ్చు.

పుస్తకాలతో పాటు వినండి కూడా. ఎండాకాలం పల్లెల్లో భారతం జరిగేటప్పుడు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం ఉంటాయి. తెల్లవార్లూ జనాన్ని కూర్చోబెట్టేది ఏమిటో, ఎక్కడ జనం లేచి టీకి పోతున్నారో గమనించండి. నవల రాసేవాళ్లకు అంతకు మించిన పాఠం నాకు తెలియదు.

## పంపేటప్పుడు, పుస్తకం వేసేటప్పుడు

పత్రికకు ఎలా పంపాలి?

ముందు ఆ పత్రిక రెండు మూడు సంచికలు చదవండి. వాళ్లు అడిగిన నిడివి దాటొద్దు. యూనికోడ్ ఫైలు, చివర పేరు, చిరునామా, ఫోన్ నంబరు, "ఇది నా సొంత రచన, అనువాదం కాదు, ఇంకెక్కడా ప్రచురితం కాలేదు, పరిశీలనలో లేదు" అని హామీపత్రం. ఒకే కథ ఒకేసారి రెండు చోట్లకు పంపొద్దు. ఫేస్‌బుక్‌లో పెట్టిన కథను చాలా పత్రికలు, పోటీలు ప్రచురితమైనట్టే లెక్కవేస్తాయి. పదిమంది లైకుల కోసం ముందే పెట్టేసి ఆ అవకాశం పోగొట్టుకున్నవాళ్లను చూశాను.

తిరిగొచ్చింది. ఇక మానేయాలా?

వద్దు. పేజీ చాలక, అదే విషయం మీద ఇంకో కథ అప్పటికే తీసుకుని, ఇలా ఎన్నో కారణాలతో తిరిగొస్తుంది. వారం ఆగి చదవండి. మీకే లోపం కనిపిస్తే దిద్దండి, కనిపించకపోతే అలాగే ఇంకో పత్రికకు పంపండి.

పుస్తకం వేయాలనుకుంటున్నా. ఎంతవుతుంది, ఎలా మొదలుపెట్టాలి?

ఖర్చు పేజీలను బట్టి, కాగితాన్ని బట్టి, కాపీల సంఖ్యను బట్టి మారుతుంది. అచ్చు పని ఫారాల్లో లెక్క, ఫారం అంటే 16 పేజీలు. 128 పేజీల పుస్తకం ఎనిమిది ఫారాలు. 130 పేజీలొస్తే రెండు పేజీల కోసం ఇంకో ఫారం పడుతుంది కాబట్టి డీటీపీ దశలోనే సర్దుకోండి. ఐఎస్‌బీఎన్‌కు, అంటే పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు సంఖ్యకు, డబ్బు కట్టక్కర్లేదు. ఢిల్లీలోని రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే ఉచితంగా ఇస్తారు. అది ఇప్పిస్తామని వేలు అడిగేవాళ్లను నమ్మొద్దు. ప్రూఫులు మీరు ఒకసారి, మీ కథలు తెలియని ఇంకొకరు ఒకసారి చూడాలి. మన తప్పు మన కంటికి కనబడదు.

ఇక నా అభిప్రాయం. అప్పు చేసి పుస్తకం వేయొద్దు. వెయ్యి కాపీలు వేయించి మంచం కింద కట్టలు పెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు, ఆ ఇంట్లో ఆడవాళ్లు ఆ కట్టల్ని చూసే చూపూ తెలుసు. రెండొందలు, మూడొందలు వేయండి. అయిపోతే మళ్లీ వేయొచ్చు.

మెంటర్ ముందుమాట రాస్తారా?

రాయరు. మీ కథ మీద పని చేసిన మనిషి దాన్ని పొగిడితే ఆ పొగడ్తకు విలువ ఉండదు. మిమ్మల్ని ఎరగని పాఠకుడితో రాయించుకోండి, లేదా ముందుమాట లేకుండానే వేయండి.

ఆవిష్కరణ గ్రంథాలయంలో పెట్టుకోవచ్చా?

అనుమతి తీసుకుంటే పెట్టుకోవచ్చు. నవంబర్ 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు, అప్పుడైతే పాఠకులు కూడా ఎక్కువగా ఉంటారు. శాలువాలకు పెట్టే డబ్బుతో మీ పుస్తకాలు పది కొని పల్లె శాఖా గ్రంథాలయాలకు ఇవ్వండి.

## ఎన్నాళ్లు, ఆ తర్వాత

ఎన్నిసార్లు కూర్చోవచ్చు?

ఆరుసార్లు, రెండు మూడు వారాలకొకసారి. తర్వాత కనీసం ఆరు నెలలు విరామం. మొదట్లో ఈ హద్దు లేదు. కొందరు ప్రతి పేరా మెంటర్ ఒప్పుకుంటేనే ముందుకు పోయే స్థితికి వచ్చారు. అది చూశాకే పెట్టాం.

మెంటర్‌తో కుదరడం లేదు. మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, రెండో సిట్టింగ్ తర్వాత ఎప్పుడైనా. కౌంటర్‌లో ఒక మాట చెప్తే చాలు.

నేను రిటైర్డ్ తెలుగు మాస్టారిని. మెంటర్‌గా ఉండొచ్చా?

మీలాంటివాళ్లు కావాలి సార్. అయితే ముందు రెండు సిట్టింగులు, రాసినవాళ్లు ఒప్పుకుంటే, పక్కన కూర్చుని వినండి. ముప్పై ఏళ్లు జవాబు పత్రాలు దిద్దిన చేతికి తప్పు కనబడగానే ఎర్ర పెన్ను మీదికి పోవడం సహజం. జవాబు పత్రంలో సరైన జవాబు ముందే ఉంటుంది. కథలో అది రాసిన మనిషికే ఇంకా తెలియదు, వాళ్లు వెతుక్కుంటున్నారు. ఆ వెతుకులాటకు తోడుండే ఓపిక కావాలి. మీకు నచ్చని సిద్ధాంతం, నచ్చని మతం, నచ్చని భాష ఉన్న కథ కూడా టేబుల్ మీదికి వస్తుంది. దాన్ని దాని లెక్కలోనే చదవాలి. రాసేవాళ్లను ఇంటికి రమ్మని పిలవకూడదు, మీ పుస్తకానికి సమీక్ష రాయమని అడగకూడదు.

సరేననుకుంటే వచ్చే శనివారం నాలుగింటికి కౌంటర్ దగ్గర పేరు చెప్పండి. ఈమధ్య మీరు చదివిన కొత్త రచయిత కథ ఒకటి వెంట తెచ్చుకోండి. ముందు దాని గురించి మాట్లాడుకుందాం.